మూడో చేతికి విడిపోయిన మూటలు

మేమంతా మిలిటరీ మామ అని పిలిచే మా పక్కింటి పెద్దాయన పోయిన సోమవారం కూరెకుప్పలో, కూతురింట కన్నుమూశారు. బళ్ళారి మండీలో ఆయన పదహారేళ్లు వేరుశనగ మూటలు కుట్టారు. ఆయన మీద పాత అనుమానం ఒకటి కొందరి మనసుల్లో ఇంకా మిగిలి ఉంది. దాన్ని మొదట కాగితం మీద పెట్టినవాణ్ణి నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన సింగపూరులో పట్టుబడి, మూడున్నరేళ్లు జపానువాళ్ల ఖైదులో ఉండి వచ్చిన సిపాయి. బతికి వచ్చినందుకు సంతోషించినవారు తక్కువ. "ఊరికే బతకనిస్తారా? వాళ్లకేం చేసిపెట్టినాడో" అని మండీ ముందరి టీ అంగట్లో అనుకునేవారు. ఆయన విననట్టే దబ్బనంలోకి పురికొస ఎక్కించుకునేవారు.

డెబ్బైలలో నేను అదే మండీలో గుమాస్తాను. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. నా బడి ఆరో తరగతితో ఆగింది. తరువాతి చదువంతా నాకు నేను చెప్పుకున్నదే. అందుకేనేమో, రాసిపెట్టని దేన్నీ నమ్మలేను. నా నోటుపుస్తకంలో ఆయన గురించి ఇలా ఉంది: ఒకటి, వెనుక గోడ ఉంటే తప్ప కూర్చోడు. రెండు, సాయంత్రం తను కుట్టిన మూటల మూతులన్నీ ఒక్కొక్కటే తడిమి చూస్తాడు. మూడు, ఎందుకని అడిగితే నవ్వుతాడు.

దొంగలకు గుర్తులు పెడుతున్నాడని నా అనుమానం. ఆ మాట చెబితే మండీ సావుకారు "కనిపెట్టుకోనుండు" అన్నారు. నేను ఆయన చోటును గోడ దగ్గర నుండి షెడ్డు నడుమకు మార్పించాను. సాయంత్రపు తడుముడు మాన్పించాను. తీరిక దొరికిన రోజుల్లో పుస్తకం పట్టుకుని ఆయన వెనుక నిలబడేవాణ్ణి.

"ఏమప్పా, నా ఈపు మీద ఏమన్నా అచ్చేసినారా, అంతసేపు చదువుతాండావు?" అనేవారు.

"పని చూసుకో మామా."

నెలన్నర తరువాత ఒక దూరపు నూనె మిల్లు నుండి పదకొండు ఖాళీ సంచులు తిరిగివచ్చాయి. ఇక్కడ లారీకెత్తినప్పుడు ఆ మూటలు నిలిచాయి, గూడ్సు బండికి మార్చినప్పుడు నిలిచాయి, అక్కడ దించేటప్పుడు మూతులు విడిపోయి కాయంతా ఒలికిపోయింది. సంచుల మీద కుట్టిన తేదీ ఉంది, కుట్టినవారి రంగు గుర్తు ఉంది. పదకొండూ ఆయనవే. ఎదుటి మండీవాళ్ల దగ్గర డబ్బు తిని ఈ పని చేశాడని సావుకారు తేల్చేశారు. మర్నాడే పనిలోంచి తీసి, పోలీసులకు అప్పగిస్తానన్నారు.

మామను పిలిపించాను. సంచి మూతిని వేళ్లతో చాలాసేపు తడిమారు.

"నా కుట్టేనప్పా. కడా ముడి పడల్యా."

"ఆఖరి ముడి ఎందుకు పడలేదు?"

"ఆడ, ఖైదులో, మా చేత బియ్యం మూటలు కుట్టిస్తాండ్రి, ఓడలకి. ఒకటో చేతికి ఆగాల, రెండో చేతికి ఆగాల, మూడో చేతికి విడిపోవాల, వాళ్ల బియ్యం నేలపాలు కావాల. అప్పటికి మూట యాడుంటాదో, కుట్టినోడు యాడుంటాడో."

"అది అప్పటి మాట. ఈడ ఎందుకు?"

"ఎనకాల తుపాకి పట్టుకోని ఒకడు నిలబడేటోడు. వాడు చూస్తాండంగానే ముడి ఎగ్గొట్టాల. చూడనప్పుడు చేస్తే అది దొంగతనం. మూడేండ్లు అదే పని. ఇప్పుడు ఎవరన్నా ఎనకాల నిలబడితే చెయ్యి దానంతట అదే ఎగ్గొడతాది, నాకే తెలీదు. గోడ అందుకే. మాపటికి తడుముకునేది అందుకే."

"దీనికి సాక్షి ఎవరు?"

"పక్కనోనికి గూడా చెప్పుకోల్యాదప్పా. యావనోడు పోయి చెప్పేస్తాడోనని."

నేను నమ్మలేదు. అంత చక్కగా అతికే మాటను నమ్మడం నా స్వభావంలో లేదు. అబద్ధమని రుజువు చేయడానికే నోటుపుస్తకం తీసి, సంచుల మీది తేదీలు పక్కన పెట్టి చూశాను. పదకొండు తేదీల ఎదుటా నా దస్తూరీలోనే ఉంది: "వెనుక నిలబడ్డాను." నేను నిలబడని రోజుల మూట ఒక్కటీ తిరిగి రాలేదు.

పుస్తకం సావుకారు ముందు పెట్టాను. ఆయన నన్నూ మామనూ మార్చి మార్చి చూశారు.

"ఇద్దరూ ఒకటైనారా ఏంది?"

"నా తప్పును నేనే ఎందుకు రాసుకుంటాను సావుకారూ?"

"ఏమో. రాసేటోణ్ణి అస్సలు నమ్మకూడదు." పేజీలు రెండుసార్లు తిప్పారు. "ఆయప్ప గోడ ఆయప్పకియ్యి. ఇంకొక్క మూట విడిపోయిందంటే ఇద్దరూ బయటికే."

పనిలో ఉన్నన్నాళ్లూ ఆయన మూట మరొకటి విడిపోలేదు. టీ అంగట్లో మాత్రం ఆయన పదకొండు మూటలు విప్పినవాడిగానే ఉండిపోయారు. అసలు సంగతి అందరికీ చెబుతానంటే ఒప్పుకోలేదు. "చెప్పినావంటే, చూసేకి అందరూ ఎనకాలొచ్చి నిలబడతారప్పా" అన్నారు. సంజాయిషీ అడిగే హక్కు ఎవరికీ లేదన్నట్టు బతికిన మనిషి. నా పుస్తకంలోని తప్పును నాకే చూపించి, ఒక్కనాడూ దెప్పిపొడవలేదు.

కిందటేడు కూరెకుప్ప వెళ్లాను. ఆయనకు చూపు పూర్తిగా పోయింది. వాకిట్లో కూర్చుని, చిరిగిన గోనెను మడిచి కాళ్లు తుడుచుకునే పట్టా కుడుతున్నారు. నేను పలకరించక ముందే దబ్బనం ఆగింది.

"యాడ నిలబడినావప్పా?"

"ఎదురుగానే మామా."

ఆయన వెంటనే నమ్మలేదు. ఎడమ చెయ్యి ముందుకు చాచి, గాలిలో వెతికి, నా మోకాలు తాకి చూసుకున్నారు. అప్పుడు దబ్బనం కదిలింది.