అడిగి ఊరుకోవడం నేర్పిన సుగుణమ్మ టీచర్

కొత్తకోటలో బస్సు దిగగానే దాబాల్లో ఉల్లిగడ్డ వేగే వాసన వస్తుంది. ఆ వాసనతో పాటే నా మనసులో పోయినవాటి లెక్క మొదలవుతుంది. దాబా వెనక మేము కూర్చున్న రేకుల గది రోడ్డు వెడల్పులో పోయింది. అందులోని రెండు కుర్చీలు, ఈతచాప ఎటు పోయాయో తెలియదు. ఆ చాప మీద కూర్చున్న తొమ్మిదిమందిలో ఇద్దరు కన్నుమూశారు, ముగ్గురు సేవ మానుకుని హైదరాబాదులో పనులు చూసుకున్నారు. మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టిన సుగుణమ్మ టీచర్ కూడా పోయారు. ఆమె లేని లోటుకు అంకె వేయడం నాకు చేతకాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేమంతా ఊళ్లలో సువార్త పని చేసేవాళ్లం. ఎవరికీ జీతం లేదు. నెలనెలా ఇంత ఇస్తామని మాట ఇచ్చేవాళ్లను ఎవరికి వారే వెతుక్కోవాలి. టీచర్ భర్త పాస్టరు. గద్వాల చుట్టుపక్కల ముప్పయ్యేళ్లు తిరిగినా ఎవరినీ చేయి చాచి అడగలేదట. ఆ ఇల్లు ఆమె బడి జీతం మీదే నడిచింది. "ఆయన అడగలే, అది గొప్పనుకున్నరు. నా జీతం లేకుంటే ఆ గొప్ప ఎన్నొద్దులు నిలుస్తుండె?" అనేవారు. అందుకే రిటైరయ్యాక నెలకు రెండు శనివారాలు మాలాంటివాళ్లను పోగుచేసి అడగడం నేర్పేవారు.

నేర్పే పద్ధతి చాలా మామూలుది. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసేవారు. ఒకదానిలో అడిగే మనిషి, రెండోదానిలో ఇచ్చే మనిషిగా ఆమె. మిగతావాళ్లం చాప మీద. మొదటి రోజు గద్వాల నుంచి వచ్చిన ఏసురత్నం తన పని గురించి చక్కగా చెప్పి, "మా కోసం జర ప్రార్థన చేయండమ్మా" అని లేచాడు. టీచర్ కళ్లు మూసుకుని నిజంగానే ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాక, "ఇంగ పోయిరా నాయనా" అన్నారు.

"ఇంకేం ఇయ్యరా అమ్మా?" అన్నాడు ఏసురత్నం.

"ప్రార్థన అడిగినవ్, చేసిన. బియ్యం అడగవు, రాలేదని దేవుని మీద అలుగుతవు."

అందరం నవ్వాం గానీ, మా తొమ్మిదిమందిదీ అదే అలవాటు. ప్రార్థన చేయండి అంటే డబ్బు సంగతి వాళ్లే గ్రహించాలని మా ఆశ. ఆమె నియమం వేరు. పని చెప్పు, ఎంత కావాలో చెప్పు, తర్వాత నోరు మూసుకో. అవతలివాళ్లు జవాబిచ్చేదాకా కదలొద్దు. ఆ చివరిదే కష్టం. అంకె చెప్పీ చెప్పగానే "వీలైతేనే, లేకున్నా ఏం కాదు" అని మేమే వాళ్లను తప్పించేవాళ్లం.

అప్పటికి నేను అచ్చంపేట అవతల, నల్లమల అడవిలోని ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో, భార్య సంతోషమ్మతో ఉంటున్నాను. పిల్లలకు అక్షరాలు, పాటలు చెప్పేవాణ్ని. జ్వరమొచ్చిన వాళ్లను దవాఖానకు తీసుకుపోయేవాణ్ని. నెలకు మూడు వేల రెండు వందలు ఉంటేనే గడుస్తుంది, వచ్చేది తొమ్మిది వందలు. అంతకు ముందు వనపర్తిలో ఒక పల్లికాయ మిల్లులో తూకం చీటీలు రాశాను. ఏడో తరగతితో బడి ఆగినా లెక్కలు అక్కడే పట్టుబడ్డాయి. సీజన్ మొదలయ్యేలోగా వస్తే పాత నౌకరి ఇస్తానని సేటు కబురు పంపాడు. "అప్పటికి దారి దొరకకుంటే పోదాం. పిల్లలను ఇడిసిపోవాల్నంటే నాకూ పాణం ఒప్పుతలేదు, కానీ ఉత్త గంజితోని ఎన్నొద్దులు?" అంది సంతోషమ్మ.

ఎవరెవరిని అడుగుతావో చెప్పమన్నారు టీచర్. చెప్పాను. విని, "నీకు తోడబుట్టినోళ్లు లేరా యాకోబూ?" అన్నారు.

పెద్దమందడిలో మా అన్న బాలయ్య ఉన్నాడన్నాను. రెండెకరాలు, ఎండిన బోరు, దాని అప్పు, ఇద్దరు పిల్లల చదువు. అన్నీ తీసివేస్తే మిగిలేది సున్న అని చెప్పాను. పైగా ఆయన మా మతంలోకి రాలేదు. నేను మిల్లు మానేశానని కోపం కూడా.

"తీసివేత మంచిగ చేసినవ్. చెయ్యమని మీ అన్న చెప్పిండా?"

"లేదమ్మా."

"నీ లెక్క నువ్వు చెయ్యి. ఆయన లెక్క ఆయన చేసుకుంటడు. నువ్వే సున్న పెట్టినంక ఇంగ ఆయన ఏం ఇస్తడు?"

మర్నాడే పెద్దమందడి పోయాను. అన్న బర్రెకు గడ్డి వేస్తున్నాడు. పెంట సంగతులు చెప్పాను. నెలకు రెండు వందలు కావాలన్నాను. "లేకున్నా ఏం కాదన్నా" అనే మాట గొంతుదాకా వచ్చింది. మింగాను. అన్న గడ్డి వేయడం ఆపలేదు. మోపు మొత్తం అయిపోయింది. చేతులు దులుపుకుని వాకిట్లోని గట్టు మీద కూర్చున్నాడు.

"ఇన్నేండ్లల్ల ఊరోళ్లందరిని అడిగినవంట. నా ఇంటికి రాకపోతివి. నేను లేనోన్ని అనుకుంటివా, కానోన్ని అనుకుంటివా?"

ఆ క్షణంలో నోరు మూసుకున్నది టీచర్ చెప్పినందుకు కాదు.

"నీ దేవుని ముచ్చట నాకు తెల్వదు. పాల పైసలల్ల రెండు వందలిస్త. పల్లికాయ తీసినంక ఒక మూట దీస్కపో. మరదలు పిల్ల గంజి తాగుతుందని ఎవరన్న అంటే నాకు మర్యాద గాదు."

వదినె లోపలి నుంచి, "ఇచ్చుడు సరే, పొద్దటినుంచి ఉపాసమున్నోనికి అన్నం పెడ్తవా లేదా?" అంది.

ఆ తర్వాత అడగడానికి భయం పోలేదు గానీ ఎదుటివాళ్ల తీసివేతలు చేయడం మానేశాను. సీజన్ మొదలయ్యేసరికి పాతవి కలుపుకుని రెండు వేల తొమ్మిది వందలకు మాటలు దొరికాయి. తక్కువపడ్డ మూడు వందలు అన్న ఇచ్చే పల్లికాయ మూటతో సర్దుకోవచ్చనుకున్నాం. మిల్లుకు వేరే మనిషి కుదిరాడు. మేము పెంటలోనే ఉండిపోయాం. ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడిగితే, జవాబు వాళ్లకే వదిలి ఊరుకుంటాను. ఆ కాస్త మౌనం వాళ్లకిచ్చే మర్యాద అని ఆ రోజు అన్న వాకిట్లో తెలిసింది.

ఆఖరి శనివారం టీచర్‌ను ఫీజు ఎంతని అడిగాను.

"తొమ్మిదిమంది," అన్నారు. "నీ అసుంటోళ్లను తొమ్మిదిమందిని కుర్చీల కూసోబెట్టు. వాళ్ల ఇంట్ల పొయ్యి వెలిగి, పని నిలబడ్డంకనే లెక్కకు పట్టు. ఉత్తగ వచ్చిపోయినోళ్లను కలపకు, నువ్వు లెక్కల మనిషివి."

నా దగ్గరికి చాలామందే వచ్చారు. నిలబడినవాళ్లు అచ్చంపేట వైపు ఇద్దరు, నాగర్‌కర్నూలులో ముగ్గురు, గద్వాలలో ఒక్కరు. మొత్తం ఆరుగురు. సుగుణమ్మ టీచర్‌కు నేను ఇంకా ముగ్గురు బాకీ.