నవంబరు నెల నిండు హాజరు

మా వాడు చదివే బడి అలిపిరికి పోయే దారిలో ఉంటుంది. అక్కడి నుంచి నెలనెలా మా ఇంటికి ఒక రంగుల కాగితం వస్తుంది. ఆ నెలలో పిల్లలు చేసిన ఘనకార్యాలన్నీ అందులో అచ్చువేస్తారు. ఎవరు పాట పాడారు, ఎవరు కుండీలో మొక్క నాటారు, ఏ తరగతికి ఎన్ని బహుమతులు వచ్చాయి, అన్నీ ఫొటోలతో సహా. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటిస్తుంది. నేను కాఫీ తాగుతూ చదువుతాను. మొన్న వచ్చిన కాగితంలో ఒక్కరోజు కూడా మానకుండా బడికి వచ్చిన పిల్లల ఫొటోలు వేశారు. మా వాడు మూడో వరసలో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. మా ఆవిడ మురిసిపోయింది. నేను కూడా బాగుందన్నాను. కాఫీ సగంలోనే వదిలేసి ఆఫీసుకు వెళ్లిపోయాను. 

మా ఊరు కార్వేటినగరం పక్కన కొండల కింద ఒక చిన్న పల్లె. నేను చెప్పేది తొంభైల నడిమి నాటి మాట. బడి అంటే రెండు గదులు, ఒక వరండా, గంటకు బదులుగా వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అయిదు తరగతులకూ అయ్యవారు ఒక్కరే. ఒకటో తరగతి వాళ్లు అరుస్తుంటే మాకు లెక్కలు చెప్పేవారు, మేం లెక్కలు చేస్తుంటే రెండో తరగతి వాళ్ల ముక్కులు తుడిచేవారు. చింతగింజలతో కూడికలు నేర్పారు. కొత్తగా చేరిన పిల్ల భయపడి వరండాలోనే తడిపేస్తే తనే నీళ్లు పోసి కడిగారు గాని ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. మనిషి మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే మీరు నమ్మకపోవచ్చు.

ఆ ఏడు నవంబరులో ఆయనకు ఒక పట్టుదల పుట్టింది. మండలంలో మంచి బడికి ఒక షీల్డు ఇస్తారట. నెలంతా బడిలో ఏమేం జరిగిందో రాసి పంపాలి, నెల ఆఖరి రోజున అధికారి వచ్చి కళ్లారా చూసిపోతాడు. ఇక చూడండి మా అవస్థ. గోడలకు సున్నం కొట్టి ఎక్కాలు రాశాం. బడి వెనక చిక్కుడు పాదులు వేశాం. మధ్యాహ్నం అన్నాలకు ముందు అందరం వరసగా నిలబడి చేతులు చూపించాలి, గోళ్లలో మట్టి ఉంటే మళ్లీ బోరింగు దగ్గరికి పోవాలి. బాలల దినోత్సవానికి నాటకం వేశాం. అందులో నేను రాజును. మీసం ఊడి నోట్లో పడినా మాట తప్పకుండా చెప్పానని అయ్యవారు చాన్నాళ్లు చెప్పుకున్నారు. సాయంత్రాలు మా అవ్వలకు సంతకాలు నేర్పాం. మా అవ్వ తన పేరులో మొదటి అక్షరం దగ్గరే నెలంతా ఆగిపోయింది. పరుగు పందెంలో మా తరగతి అమ్మాయి ఒకతె మండలంలో మొదట వచ్చింది. ఆ పిల్లను కార్వేటినగరం నుంచి ఊరేగింపుగా తెచ్చాం. అబద్ధమెందుకు, నా చదువంతటిలో అంత సంతోషంగా గడిచిన నెల ఇంకొకటి లేదు.

అన్నీ బాగున్నాయి గాని హాజరు దగ్గరే చిక్కు. చిన్న తరగతుల సంగతి ఎలా ఉన్నా అయిదో తరగతికి మాత్రం నెలంతా నిండు హాజరు ఉండాలన్నారు అయ్యవారు. మా తరగతిలో పదకొండు మందిమి. ఒక అట్ట మీద గళ్లు గీసి, వచ్చిన వాళ్ల పేరు ఎదురుగా రోజుకొక ఎర్ర చుక్క పెట్టేవారు. రానివాణ్ణి తీసుకురావడానికి మా వైపు పల్లెల్లో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. నలుగురు గట్టి పిల్లలు వాడి ఇంటికి వెళ్లి, ఇద్దరు చేతులూ ఇద్దరు కాళ్లూ పట్టుకుని, గాల్లో ఊపుకుంటూ బడిదాకా మోసుకొస్తారు. వాడు ఏడుస్తుంటాడు, మోసేవాళ్లు పాడుతుంటారు, ఊళ్లోవాళ్లు నవ్వుతుంటారు. అయ్యవార్లు దాన్ని తప్పనుకోలేదు, తల్లిదండ్రులూ అనుకోలేదు. కొందరికి ఆ ఊపు రుచి మరిగి, మోయించుకోవడం కోసమే ఇంట్లో కూర్చునేవాళ్లు. ఆ నలుగురికీ నేను పెద్దను. ఆ పెత్తనం నాకెంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే అసహ్యం వేస్తుంది.

మేం ఎక్కువసార్లు మోసింది మా చిన్నమ్మ కొడుకుని. నాకంటే ఆరు నెలలు చిన్న. బక్కగా ఉండేవాడు, ఎక్కాల్లో దిట్ట, నటనలో అంతకంటే దిట్ట. బడికి రాబుద్ధి కాకపోతే కడుపునొప్పి అనేవాడు. మెలికలు తిరిగేవాడు, కళ్లలో నీళ్లు తెచ్చుకునేవాడు. మేం ఎత్తుకుని వీధి మలుపు తిరగ్గానే ఫక్కున నవ్వి, "ఇంగొంచెం గట్టిగా ఊపండ్రా" అనేవాడు. ఆ నవంబరులోనే అలా మూడుసార్లు తెచ్చాం. మూడుసార్లూ నవ్వాడు.

నెల ఆఖరి రోజు పొద్దున అట్ట మీద ఒక్క వరస గళ్లే మిగిలాయి. అధికారి పది గంటలకల్లా వస్తాడు. పది మందిమి ఉన్నాం, వాడు లేడు. అయ్యవారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. నా వైపు చూసి, "పోయి పిల్చకరాండిరా. ఆయన వచ్చేలోపల బిన్నా రావల్ల" అన్నారు. ఆయన పిలుచుకురమ్మన్నారే గాని మోసుకురమ్మనలేదు. ఈ సంగతి కూడా చెప్పాలి.

వేరుశనగ పీకే రోజులు. ఊరంతా చేలల్లోనే ఉంది. చిన్నాన్న లారీ మీద పోయి పది రోజులైంది. చిన్నమ్మ తెల్లవారుతూనే కూలికి వెళ్లిపోయింది. వీధిలో కోళ్లు తప్ప ఎవరూ లేరు. వాడు పంచలో దుప్పటి ముసుగేసుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా పడుకుని ఉన్నాడు. దుప్పటి లాగాం. "కడుపు నొస్తా ఉండాది" అన్నాడు. మేం నలుగురం నవ్వాం. చేతులు నేనూ ఇంకొకడూ పట్టుకున్నాం. ఎత్తగానే గట్టిగా అరిచాడు. ఈసారి బాగా నటిస్తున్నాడని మెచ్చుకున్నాం కూడా. వీధి మలుపు తిరిగాం, నవ్వలేదు. చేను గట్టు మీదికి వచ్చాం, నవ్వలేదు. తల వెనక్కి వాల్చి కింది నుంచి నా మొహంలోకి చూస్తూ, "ఈ తూరి నిజంరా అన్నా. దించు" అన్నాడు. చెయ్యి కాలిపోతోంది. ఆ వేడి నా అరచేతికి తెలిసింది. తెలిసీ దించలేదు. "ఇంగొక్క పూటే కదరా, షీల్డు వస్తాది" అన్నాను.

అయ్యవారు జీపు కోసం రోడ్డుదాకా పోయి తిరిగొచ్చేసరికి వాణ్ణి గోడకు ఆనించి కూర్చోబెట్టాం. అయ్యవారు చుక్క పెట్టారు. వాడి మొహం చూసి, "ఏమిరా, అట్లుండావు?" అని అడిగారు గాని అప్పటికే బయట జీపు ఆగింది. అధికారి గోడలు చూశాడు, చిక్కుడు పాదులు చూశాడు, అట్ట ముందు చాలాసేపు నిలబడ్డాడు. పదిహేడో ఎక్కం ఎవరు చెబుతారని అడిగాడు. మేమంతా వాడి వైపే తిరిగాం, మాలో ఆ ఎక్కం వచ్చింది వాడొక్కడికే. వాడు గోడ పట్టుకుని లేచాడు. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఎక్కడా తడబడకుండా పదిహేడు పదులదాకా చెప్పాడు. అధికారి భేష్ అని తల నిమిరాడు. వాడు కూర్చోలేదు, అలాగే ఒరిగిపోయాడు. పచ్చగా వాంతి అయింది. అయ్యవారు వాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తారు. ఆ జీపులోనే కార్వేటినగరం, అక్కడి నుంచి తిరుపతి పెద్దాసుపత్రి. చిన్నమ్మను చేలో నుంచి పిలుచుకొచ్చి బస్సెక్కించారు, ఆమె చేతులకు మట్టి అలాగే ఉంది. కడుపులో పేగు ఎప్పుడో పగిలిపోయిందని, ఒక రోజు ముందు వచ్చి ఉంటే చూసేవాళ్లమని డాక్టర్లు అన్నారట. మూడో రోజు మధ్యాహ్నం వాణ్ణి తెల్లగుడ్డలో చుట్టి ఊరికి తెచ్చారు.

ఆ తర్వాత బడి తెరిచిన రోజు అయ్యవారు మమ్మల్ని నలుగురినీ లోపలి గదిలోకి పిలిచారు. ఎవరు చెప్పారో, మేం మోసుకొచ్చిన సంగతి ఆయనకు తెలిసింది.  నేల చూపులు చూస్తూ, "వాడు నడిసే వచ్చినాడు. ఎవురడిగినా అదే సెప్పండి" అన్నారు. మమ్మల్ని కాపాడుతున్నారో, తనను కాపాడుకుంటున్నారో అప్పుడు అర్థం కాలేదు. రెండూ అయ్యుంటాయి. షీల్డు మాకే వచ్చింది. అధికారి తన నివేదికలో ఎక్కం సంగతి ప్రత్యేకంగా రాశాడట. షీల్డు తెచ్చుకోవడానికి అయ్యవారు వెళ్లలేదు, ఎవరో తెచ్చి బీరువా మీద పెట్టారు. జూన్‌లో ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు అందరి తలలూ నిమిరారు గాని నా దగ్గర చెయ్యి ఆగింది.

చిన్నమ్మ ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. నేను వెళ్లినప్పుడల్లా అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి అదే అడుగుతుంది.

"ఆ పొద్దు వాడు నడిసే వచ్చినాడా నాయనా?"

"నడిచే వచ్చినాడు చిన్నమ్మా."

"నేను కూలికి పోయేటప్పుడు ముసుగు దీసి సూడలేదు. నిద్రపోతాండాడు అనుకొంటి."

"నిద్రేలే. లేచి బాగానే వచ్చినాడు."

"అట్లయితే సరే" అంటుంది. అని ఇంకొంచెం చారు పోస్తుంది. పోయిన నెల కూడా పోసింది.

మొదట్లో దెబ్బలకు భయపడి ఆ అబద్ధం చెప్పాను. ఊహ వచ్చాక సిగ్గుతో చెప్పాను. ఇప్పుడు నిజం చెబితే, ఆ పొద్దున జబ్బుతో మూలుగుతున్న బిడ్డను తాను చూడకుండా కూలికి వెళ్లిపోయానని ఆమెకు తెలుస్తుంది. ఆ మాట మోసే వయసు కాదు ఆమెది. కాబట్టి నేను చెప్పను. ఇది ఆమె మీద జాలో, నా పిరికితనమో తేల్చుకోలేక ఇన్నేళ్లు గడిచాయి. అయితే ఈ మధ్య ఇంకొకటి జరుగుతోంది. ఆ పొద్దు గుర్తొచ్చినప్పుడు ఒక్కోసారి, చేను గట్టు మీద, వాడు నా పక్కనే తన కాళ్లతో తాను నడుస్తూ కనిపిస్తున్నాడు. అరచేతిలో ఆ వేడి కూడా తగ్గుతోంది. కాలం నా మీద దయతలిచి ఆ రోజును కొంచెం కొంచెంగా దిద్దుతోంది, నా భయమంతా ఆ దయను చూసే.