నీళ్లు కలిపిన నిద్రమందు

రెండో యుద్ధం రాకముందు మాట. పత్తర్‌గట్టి వెనక గల్లీలో మా దవాఖానా ఉండేది. చీటీ రాసేది డాక్టరుగారు, మందు కలిపేది నేను. కంపౌండరంటే సీసాలు కడిగేవాడనుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. సీసా మీద అంటించే కాగితం పట్టీకి మోతాదు గాట్లు నేను కత్తిరిస్తే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు.

పురానాపూల్ నుంచి బర్రెలు మేపి పాలు పోసే ఒకాయన వచ్చేవాడు. భార్య పోయినప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. బ్రోమైడ్ మిక్స్చర్ ఇచ్చాం. మొదటి సీసా అందుకోగానే ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని అది జారే తీరు చూశాడు. పాలలో నీళ్లు కలిశాయేమో అలా చూసి కనిపెట్టే అలవాటు మరి. లోలోపల నవ్వుకున్నాను.

నిద్రయితే పట్టింది. కానీ నెలలు గడిచేసరికి ఆ మందు లేనిదే ఉండలేకపోయాడు. తెల్లారినా మత్తు దిగదు, చేతులు వణుకుతాయి. పొదుగు ముట్టుకోనివ్వక బర్రెలు తంతున్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే వాటిని అమ్ముకోవాల్సిందే. మందు మానమంటే మాత్రం డాక్టరుగారితోనే లొల్లి పెట్టుకున్నాడు.

డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఆయనకు చెప్పకుండా సీసా సీసాకూ బ్రోమైడ్ తగ్గిస్తూ పొమ్మన్నారు. తగ్గించిన మేరకు నీళ్లు పోసి, బ్రోమైడ్ ఉప్పగా ఉంటుంది కనుక రుచికి వంట ఉప్పు వేశాను. రంగుకు మాడ్చిన చక్కెర, వాసనకు ఎప్పటి ఏలకుల సారం. ఆఖరి సీసాలో బ్రోమైడ్ చిటికెడు కూడా లేదు. అయినా ఆయన హాయిగా నిద్రపోతున్నాడు, చేతుల వణుకు పోయింది. పాలలో చుక్క నీళ్లు కలిసినా కనిపెట్టేవాడిని బోల్తా కొట్టించానని నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఒక పొద్దున చెంబెడు మీగడ పెరుగు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇక మందు వద్దన్నాడు. నాకు నోరు ఆగలేదు. మందులో ఏమైనా తేడా కనిపించిందా అన్నా అని అడిగాను.

"చాన్నాళ్ల కిందటనే ఎర్కైంది సాబ్. చుక్క గోరు మీద నిలువకపాయె. పాలల్ల నీళ్లు కలిపేటోడు తన లాభం కోసం కలుపుతడు. నువ్వు నా మంచికే కలిపి ఉంటవని తాగిన."

రంగు, రుచి, వాసన అన్నీ చూసుకున్న నాకు ఆ గోరు సంగతే తట్టలేదు. నా పనితనం ఓడిపోయింది. అయినా నా కంపౌండరు బతుకులో అంత గర్వపడ్డ రోజు ఇంకొకటి లేదు. గోరు మీద చూడనిదే ఒకరి పాలు ముట్టని మనిషి, నా చేతి నీళ్లను తెలిసి తాగాడు.