ప్రశ్నార్థకాలుగా మారిన ఊళ్లు

2004 మిర్చి సీజన్ మొదట్లో నన్ను గుంటూరు బ్రాడీపేట ఆఫీసులో సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. హోదా వినడానికి బాగుంటుంది గానీ, నా పైన ఒక మేనేజరు, నా కింద ఒక కుర్చీ, అంతే. ఆ మేనేజరు రూత్ కుమారి గారు. నేను మాట్లాడితే సగం కోతలేనని మా ఇంట్లోవాళ్లు అంటారు. ఆవిడ గురించి చెప్పేటప్పుడు మాత్రం ఎప్పుడూ కోయాల్సిన పని పడలేదు.

చిలకలూరిపేట వైపున్న ఆరు కోల్డ్ స్టోరేజీలకు కలిపి మేమొక వెబ్‌సైటు నడిపేవాళ్లం. ఏ ఊరి లారీ ఏ రోజు, ఏ షిఫ్టులో సరుకు దించాలో చెప్పే వంతుల పట్టిక అందులో ఉండేది. ఆదివారం పొద్దున్నుంచీ రైతులు దగ్గర్లోని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, పట్టిక చూసుకుని, టిక్కీలు లారీకెత్తేవాళ్లు. టిక్కీ అంటే మిర్చి బస్తా. వంతు తప్పితే మళ్లీ వారం దాకా ఆ టిక్కీలు కళ్లంలోనే ఉండాలి. నేను చెప్పబోయే వారం ఆకాశం మబ్బుగా ఉంది.

మా సర్వర్ మిర్చి ఘాటుకు తుమ్మేదంటే ఎవరూ నమ్మరు. తుమ్మేది. ఫ్యాన్లోకి ఎర్రదుమ్ము చేరి, రెండు క్షణాలు ఊపిరి బిగబట్టి, టేబుల్ మీది గ్లాసులు కదిలేలా ఒక్కటిచ్చేది. దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం మహా నిలకడైంది. రూత్ కుమారి గారు ఏరికోరి పెట్టించింది. ఆ రకం సిస్టమ్‌లో వెర్షన్లు మార్చరు. లోపం బయటపడితే పాత వెర్షన్‌కే అతుకు వేసి పంపుతారు. అంటే చిరిగినచోట కుడతారు తప్ప చొక్కా మార్చరు. అందుకే అప్‌డేట్లు ఎక్కించి టీ తాగడానికి వెళ్లిపోవడం ఆ ఆఫీసులో రెండేళ్లుగా అలవాటు.

ఈసారి చొక్కానే మార్చారు. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం దొరికింది. పాతదానికి అతుకు వేయడం ఇక కుదరదని, పూర్తిగా కొత్త వెర్షన్ పంపారు. సెట్టింగుల ఫైలు రాసే పద్ధతి కూడా మారిందని కింద హెచ్చరిక పెట్టారు. వదిలేస్తే ఎవడైనా లోపలికొచ్చి పట్టికనే మార్చేయొచ్చు. ఎక్కిస్తే ఏం విరుగుతుందో తెలియదు.

రూత్ కుమారి గారు శనివారం సాయంత్రమే కొత్తదాన్ని పాతదాని పక్కన వేరే ఫోల్డరులో పెట్టించారు. పాతది అలాగే నడుస్తుంటే కొత్తది వేరే పోర్టులో, అంటే పక్క గుమ్మంలో, పరీక్షకు నిలబడింది. "రేపు నేను చర్చి నుంచి వచ్చేదాకా మార్చకండి" అని మరీ చెప్పి వెళ్లారు.

ఆదివారం ఉదయం కొత్తదాని హోమ్ పేజీ తెరిచాను. తెలుగు ముత్యాల్లా ఉంది. ఆవిడ వచ్చేసరికి పని ముగించి మెప్పు కొట్టేద్దామని గుమ్మాలు మార్చేసి, రైతులకు కొత్తదే తెరుచుకునేలా చేశాను. ఏ మార్పు చేసినా నింపాల్సిన చేంజ్ ఫారంలో 'పరీక్షించడమైనది' అని రాసి సంతకం కూడా పెట్టాను.

పదకొండున్నరకు మార్టూరు ఇంటర్నెట్ సెంటరు బ్రహ్మయ్య ఫోన్ చేశాడు.

"సార్, ఊళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయినాయండి. ఇక్కడ పాతికమంది నా మీదకొస్తున్నారు."

వెనకనుంచి ఎవరో ఫోన్ లాక్కున్నారు. "ఏమయ్యా, నేను శేషయ్యని. లారీ వాకిట్లో ఉంది. మా ఊరి వంతు ఎప్పుడని మేం అడగాలి గానీ, ఎదురు మీ మిషను మమ్మల్ని ప్రశ్నలడుగుతుందేంటి? డ్రైవరు ఇంకో గంట చూసి పోతానంటున్నాడు!"

ఫోన్ పెట్టెయ్యకుండా పక్కన ఉంచాను. సెట్టింగులు ఒక్కొక్కటే పీకి చూడటం మొదలుపెట్టాను. అప్పుడే ఆవిడ తెల్లచీరలో, చేతిసంచితో లోపలికొచ్చారు. అంతా విని ఒకటే అన్నారు.

"ముందు పాతది నిలబెట్టండి శ్రీనివాస్. కారణం తర్వాత వెతుకుదాం."

పాతదాన్ని తీసెయ్యలేదు కాబట్టి మూడు నిమిషాల్లో నిలబడింది. మార్టూరుకు సోమవారం రెండో షిఫ్టు అని శేషయ్య ఫోన్లోనే బిగ్గరగా చదివి, మాతో మాటైనా చెప్పకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు కూర్చున్నారావిడ. "మీరు చూసింది ఏ పేజీ?" హోమ్ పేజీ అన్నాను. "అందులో ఉన్నవి తెలుగు అక్షరాలు కాదండీ, అక్షరాల బొమ్మ. మిర్చి యార్డులో టిక్కీ మూతి దగ్గర కాయ చూసి ఎవరైనా రకం చెప్తారా? నడుములో చెయ్యిపెట్టి తీస్తారు."

నిజమే. ఆ రోజుల్లో ఏ తెలుగు అక్షరానికి ఏ అంకె అన్నది ఒక్కో ఫాంటుకు ఒక్కో లెక్క. పట్టికలో ఊళ్ల పేర్లు మా ఫాంటు లెక్కలో ఉండేవి. కొత్త సర్వరు తనంతట తాను ప్రతి పేజీకీ 'ఇందులో అక్షరాలు ప్రపంచమంతా వాడే లెక్కలో ఉన్నాయి' అని చీటీ తగిలించి పంపుతోంది. బ్రౌజరు ఆ చీటీని నమ్మి, అర్థంకాని ప్రతి అక్షరానికీ ప్రశ్నార్థకం పెట్టింది. ఆ చీటీ తగిలించమనే లైను సెట్టింగుల ఫైల్లో ఒక్కటే. ఇరవై నిమిషాల్లో పట్టుకుని తీసేశారు. మరొకరైతే దానితోపాటు ఇంకో పది మార్చేవాళ్లు. ఆవిడ ఆ ఒక్కదాన్నే మార్చి, ఎందుకు మార్చారో నోటుబుక్కులో ఒక వాక్యం రాశారు.

అయినా గుమ్మం మార్చలేదు. జనం వారమంతా ఏ పేజీలు తెరిచారో సర్వరు రాసుకున్న చిట్టాలో నడిమధ్యనుంచి నలభై పేజీలు ఏరారు. పరీక్ష గుమ్మం చిరునామా బ్రహ్మయ్యకిచ్చి, అతని చేత ఫోన్లో చదివించారు. అతను "నాదెండ్ల, మంగళవారం, మొదటి షిఫ్టు" అంటుంటే నేను ఆఫీసు కాపీలో టిక్కు పెట్టాను. గొంతు బొంగురుపోయి, "మేడమ్, ఇంత చదివుంటే టెన్త్ ఒక్కసారికే పాసయ్యేవాణ్ణి" అన్నాడు. "ఇంకా పన్నెండు పేజీలున్నాయి బ్రహ్మయ్యా, డిగ్రీ కూడా అయిపోతుంది" అన్నారావిడ. నాలుగింటికి గుమ్మం మారింది. ఎవరికీ తెలియలేదు.

సోమవారం రాత్రి వాన పడింది. శేషయ్య టిక్కీలు అప్పటికే కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి.

నా సంతకం ఉన్న ఫారాన్ని ఆవిడ చించలేదు, పైవాళ్లకూ పంపలేదు. నా ముందు పెట్టి, మళ్లీ నింపమన్నారు. ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా ఏ చేంజ్ ఫారంలోనూ నేను 'పరీక్షించడమైనది' అని రాయలేదు. ఏ పేజీని, ఎవరు, ఎక్కడ కూర్చుని చదివారో రాశాను. అలా రాయలేకపోయిన రోజున పాతదాన్నే నడవనిచ్చాను.