రాజమౌళికి లేని షుగర్

రాజమౌళికి షుగర్ లేదు. ఆయన తండ్రికి లేదు, తాతకూ లేదు. చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేసుకుని, కప్పు అడుగున మిగిలినదాన్ని వేలితో తీసి నాకే మనిషి. కానీ ఇన్సూరెన్స్ వాళ్ల కంప్యూటర్‌ని అడిగితే మాత్రం, ఆయన రెండేళ్ల పాటు నెలనెలా ఇన్సులిన్ తీసుకున్న రోగి. ఈ సంగతి ఆయనకు తెలియక కాదు. దానికి ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. వయసులో ఉండగా దుబాయ్ వచ్చి, అల్ కుసైస్‌లో ఒక రాళ్ల కంపెనీలో కటింగ్ మిషన్ మీద కుదిరాడు. గ్రానైటు, పాలరాయి, ఏది కోయమంటే అది కోశాడు. పెద్ద పెద్ద హోటళ్ల మెట్లు తన చేతుల మీదుగానే పోయాయని గొప్పగా చెప్పుకుంటాడు గానీ, ఆ మెట్లలో ఒక్కటి ఎక్కిన పాపాన పోలేదు. నీళ్లు పోసి కోస్తే దుమ్ము లేవదని అందరికీ తెలుసు. నీళ్లు పోస్తే పని సాగదని కూడా అందరికీ తెలుసు. ముదీర్, అంటే మేనేజరు, నెత్తి మీద నిలబడి యల్లా, యల్లా అని తొందరపెడుతుంటే పొడిగానే కోసేవాళ్లు. ఆ పొడి అంతా ఎక్కడికి పోతుంది? రాజమౌళి ఛాతీలోకి పోయింది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, ఇది తగ్గే జబ్బు కాదు, ముదరకుండా కాచుకోవడమే అన్నాడు డాక్టరు. అప్పటినుంచి నోట్లో కొట్టుకునే పంపు జేబులో లేకుండా ఆయన బాత్రూమ్‌కి కూడా వెళ్లడు.

కంపెనీ పెట్టిన ముసలి అర్బాబ్ జీతాల దగ్గర పరమ పిసినారి. అయినా ఒక్క విషయంలో ఆ యజమానిది పెద్ద చెయ్యి. తన దగ్గర ఇరవై ఏళ్లు చేసి ఇంటికి పోయే మనిషికి బతికినన్నాళ్లు వైద్యం కంపెనీదే అన్నాడు. అన్నట్టే నడిపించాడు. ఆయన కన్నుమూశాక కొడుకులు ఆ మాటను అంచులు చెక్కుతూ వచ్చారు. పూర్తిగా తీసేద్దామనే చూశారు. ఆఫీసులో పనిచేసే ఫైజా అడ్డం పడింది. ఆమెది కర్నూలు. పాత మనుషుల కార్డుల పని ఆమె చూస్తుంది. తన ఉద్యోగానికి చేటు వస్తుందని తెలిసీ ప్రతి మీటింగులో లేచి మాట్లాడి, చివరికి ఆ సౌకర్యాన్ని రెండు ముక్కలుగానైనా నిలబెట్టింది. పనివాళ్లు వాటికి పెద్ద కార్డు, చిన్న కార్డు అని పేర్లు పెట్టుకున్నారు.

పెద్ద కార్డు ఉంటే మన జిల్లాలోనే మంచి ఆసుపత్రికి పోవచ్చు. రాతి దుమ్ముతో వచ్చిన ఛాతీ జబ్బుకు డాక్టరు, మందులు, అవసరమైతే ఆక్సిజన్, అన్నీ అందులోనే. చిన్న కార్డుకు హైదరాబాద్‌లో రెండే ఆసుపత్రులు, అదీ ప్రమాదం జరిగితేనో ఆపరేషన్ పడితేనో. పాత జబ్బులకు పనికిరాదు. రిటైర్ అయ్యేవాడు ఏదో ఒకటి ఎంచుకోవాలి. పెద్ద కార్డుకు ఒకే ఒక్క షరతు: తన జబ్బుల గురించి నిజం రాయాలి, ఏదీ దాచకూడదు. దాచినట్టు తేలితే ఇక జన్మలో ఆ కార్డు దొరకదు. రాజమౌళికి ఎంచుకోవడానికి ఏముంది? పెద్ద కార్డంటే ఆయనకు ఊపిరి. ఛాతీ జబ్బు ఉందని రాయించాడు, షుగర్ లేదని రాయించాడు. రెండూ నిజాలే. వారం తిరక్కుండా ఫైజా పిలిపించింది.

"పెద్దాయనా, షుగర్ లేదని రాయించినారు. వాళ్ల దగ్గరేమో మీరు 2020 నుంచి ఇన్సులిన్ తీసుకున్నట్టు ఉంది. దాచిపెట్టినారని పెద్ద కార్డు ఆపేసినారు. ఏమి కథ ఇది?"

రాజమౌళి పంపు తీసి ఒకసారి పీల్చి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

కథ కరోనా ఏడాదిది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాప్ మూతపడింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఫోన్ ఎత్తడం మానేశాడు. అక్కడ పనిచేసే నరేశ్ వీసా లేక, జీతం లేక రాజమౌళి గదికి వచ్చి పడ్డాడు. ఇద్దరిదీ ఒకటే ఊరు. పాతికేళ్ల పిల్లవాడు, చిన్నప్పటినుంచీ షుగర్. రోజూ సూది పొడుచుకోకపోతే మనిషి నిలవడు. తెచ్చుకున్న మందు అయిపోయింది. విమానాలు లేవు. ఒకరోజు పొద్దున వాంతులు చేసుకుంటూ గోడకు జారగిలబడిపోయాడు.

పనివాళ్లు ఉండే క్యాంపులో ఒక పద్ధతి ఉంది. దాన్ని ఎవరూ తప్పనుకోరు. గదిలో రైస్ కుక్కర్ ఎట్లా అందరిదో, ఇన్సూరెన్స్ కార్డు కూడా అట్లాగే అందరిది. కార్డు లేనివాడికి జ్వరమొస్తే ఉన్నవాడి కార్డు పట్టుకుని క్లినిక్‌కి పోతాడు. ఇక ఆ ఏడాది లోకమంతా మూతికి గుడ్డలు కట్టుకుంది కాబట్టి, కార్డు మీద ఫొటోలో ఉన్నవాడు ఎవడో, ఎదురుగా నిలబడ్డవాడు ఎవడో పోల్చుకునే ఓపిక ఎవరికీ లేదు. రాజమౌళి తన కార్డు నరేశ్ చేతిలో పెట్టి, "పోయి సూదులు తెచ్చుకో. పేరడిగితే నా పేరు చెప్పు" అన్నాడు. నరేశ్‌కి కొత్త కంపెనీలో పని, సొంత కార్డు దొరికేదాకా అదే సాగింది. రాజమౌళి దాన్ని ఉపకారం అని కూడా అనుకోలేదు. ప్రాణం పోతుంటే ఏం చేస్తాం మరి?

ఇదంతా ఫైజా గుచ్చి గుచ్చి అడగకుండానే ఊహించుకుంది. ఇట్లాంటివి ఆమె చాలా చూసింది.

"ఎవరో మీ కార్డు వాడుకున్నారని నాకు అర్థమైంది. ఆ పేరు చెప్పండి. మీరు ఇంటికి పోయే మనిషి, మిమ్మల్ని ఎట్లో ఒకట్లా బయట పడేస్తా. పెద్ద కార్డు వస్తాది."

"వాన్ని ఏం జేస్తరు మేడం?"

ఫైజా కళ్లు దించుకుంది. "కేసు పెడతారు. వీసా పోతాది. మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టలేడు."

"అయితె ఎవ్వలు లేరు. సూదులు నాయే."

"పెద్దాయనా, మీ ఛాతీ సంగతి మీకు తెలుసు కదా. చిన్న కార్డుతో మీకు పంపు కూడా రాదు."

"ఎర్కనే మేడం. చిన్నదే ఇయ్యిండ్రి. ఖలాస్."

ఆయన గదికి వచ్చి ఎవరికీ చెప్పకుండా పడుకున్నాడు. కానీ కూలిపోయినట్టున్న ఆ ముఖం చూసి పక్క మంచం హన్మాండ్లు ఊరుకోలేదు. సగం విషయం లాగాడు, మిగతా సగం తనే అల్లుకుని నరేశ్‌కి ఫోన్ కొట్టాడు. మంచి పనే చేశాడని కొందరు, నోట్లో నువ్వుగింజ నానదని కొందరు ఆయన్ని ఇప్పటికీ అంటుంటారు.

మర్నాడు రాజమౌళి సంతకం పెట్టడానికి ఆఫీసుకు వెళ్లేసరికి నరేశ్ అక్కడే ఉన్నాడు. డ్యూటీ బట్టల మీదే వచ్చాడు. ఊళ్లో పెళ్లాం వాసంతికి నెలలు నిండుతున్నాయి. కొత్త కంపెనీలో ఈమధ్యే డ్రైవర్‌గా పైకి వచ్చాడు. అవన్నీ పక్కన పెట్టి, ఫైజా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, ఆ సూదులు నావి. కాక కార్డు నేనే వాడుకున్న. నా పేరు రాసుకోండ్రి."

రాజమౌళి ఒంట్లో రక్తమంతా ముఖంలోకి వచ్చింది. ఇంత కోపం ఆయనకు మిషన్ కింద వేలు నలిగినప్పుడు కూడా రాలేదు.

"వాడు అబద్దమాడుతున్నడు మేడం! నాకు సాయం జేద్దామని అచ్చిండు, ఎడ్డి పోరడు. షుగర్ నాది."

"కాకా, నువ్వు ఊకో."

"నువ్వే ఊకో! నోరు మూసుకోని పో ఈన్నుంచి!"

"నీకేడిది షుగరు? మొన్న జిలేబి అద్దకిలో తినలే?"

"షుగరున్నోడు జిలేబి తినడా? తిన్నందుకే అచ్చింది!"

పక్క టేబుల్ దగ్గర ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి తలెత్తి చూసింది. ఫైజాకు నవ్వు రాలేదు. ఒకడి జబ్బు కోసం ఇద్దరు కొట్టుకోవడం ఆమె మొదటిసారి చూసింది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో ఆమెకు బాగా తెలుసు, నమ్మితే ఏం జరుగుతుందో ఇంకా బాగా తెలుసు. ఆమె పోరాడి నిలబెట్టిన పెద్ద కార్డు, అది ఎవరికోసం నిలబెట్టిందో ఆ మనిషికే అందకుండా పోతోంది.

"ఈ అబ్బాయి ఎవరో నాకు తెలీదు, పెద్దాయనా. నేను ఇతని మాట విన్లేదు" అంది చివరికి. "చిన్న కార్డుకే రాస్తున్నా."

రాజమౌళి సంతకం పెట్టాడు. నరేశ్ కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాజమౌళి వాడి భుజం పట్టి లేపి బయటికి తీసుకొచ్చాడు. దారంతా తిట్టాడు. వాసంతి పేరు చెప్పి తిట్టాడు, పుట్టబోయే బిడ్డ పేరు చెప్పి తిట్టాడు. బస్సెక్కేటప్పుడు మాత్రం వాడి చెయ్యి వదల్లేదు.

ప్రయాణానికి ముందటి ఆదివారం గదిలో మటన్ వండారు. హన్మాండ్లు పెట్టెకు తాళ్లు కడుతున్నాడు. నరేశ్ ఒక మందుల సంచి తెచ్చి మంచం మీద పెట్టాడు. లోపల కొత్త పంపులు ఉన్నాయి, రాజమౌళి వాడే రకమే.

"ఇన్ని ఎక్కడియిరా? కొన్నవా?"

నరేశ్ తల అడ్డంగా ఊపాడు. రాజమౌళి ఒక డబ్బా తిప్పి చూశాడు. ఇంగ్లిష్‌లో పేరు చదవడం వరకు వచ్చు ఆయనకు. మందుల షాపు వాళ్లు అంటించిన కాగితం మీద నరేశ్ పేరుంది. ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూర్చున్నాడు.

"డాక్టర్ దగ్గరికి పోయినవా?"

"పోయిన. దమ్మస్తలేదని చెప్పిన. దగ్గి చూపెట్టిన. రెండేండ్లు నీ పక్కన పన్న, కాకా. నువ్వెట్ల దగ్గుతవో నాకెర్క లేదా? నెలనెల తీసుకుంట. ఎవలు ఊరికి పోతే వాళ్లతోని పంపుత."

"నా దమ్ము నీ పేరు మీద రాయించుకున్నవారా?"

"నా షుగరు నీ పేరు మీద లేదా?"

"రేపు నువ్వు ముసలోనివైతవ్ లంగా! నిన్ను గూడ గిట్లనే కూసోవెట్టి అడుగుతరు. అప్పుడేం జెప్తవ్?"

"దమ్ము నాదే అని చెప్త."

రాజమౌళి సంచి తీసి అవతల విసిరేద్దామనే లేచాడు. వాడిని నాలుగు తిట్టాలని నోరు తెరిచాడు. తిట్టు రాలేదు, దగ్గు తెర వచ్చింది. మనిషి వంగిపోయాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. నరేశ్ కొత్త డబ్బా చింపి, మూత తీసి పంపు నోటికి అందించాడు. రాజమౌళి వాడి మణికట్టు పట్టుకుని, దాన్ని గట్టిగా పీల్చాడు.