మొప్ప ఎత్తకుండా

ఫేబీ కత్తిపీట ముందు కూర్చుంటే మైపాడు రోడ్డు చేపల బజారులో ఆమెతో గట్టిగా బేరమాడేవాళ్లు తక్కువ. ఆ సోమవారం ఆమె మొహం చూసి అసలు దగ్గరికే ఎవరూ రాలేదు.

క్రిస్మస్‌కు చర్చిలో వేసే నాటకం ఏటా ఆమే రాసి ఆడిస్తుంది. ఈసారి నాటకంలో, వేటకు పోయి తిరిగిరాని మనిషి భార్య ప్రార్థనలో దేవుణ్ణి నిలదీస్తుంది. ఆ ప్రశ్నలు ఫేబీవే. భర్త ఆండ్రూ సముద్రంలో పోయినప్పటి నుంచి గొంతులో కుక్కుకున్నవి. సంఘం ముందు ఒక్కసారి పైకి అనేస్తే చాలనుకుంది. అంతలోనే, నిన్న ఆరాధన అయ్యాక, సంఘపెద్ద విజయభాస్కర్ నాటకం వద్దనేశాడు. చదవలేదు, రిహార్సల్‌కు రాలేదు. ఎవరో చెప్పారంతే.

"ప్రభువును తిట్టేదాంట్లో చూసేదేముందమ్మా?" అన్నాడు.

ఇప్పుడు ఆ విజయభాస్కరే సంచితో వచ్చాడు. అలవాటుగా వంగి వంజరం చేప మొప్ప ఎత్తబోతే ఫేబీ ఆయన చెయ్యి తోసేసింది.

"తియ్యన్నా చెయ్యి. అది చెడిపోయింది."

"ఇప్పుడే గదా పడవ దిగింది?"

"చెడిపోయిందంట. ఎవరో చెప్పినారు."

"ఎవరో చెప్తే? మొప్ప చూస్తే తెలీదా?"

"చేపకైతే చూడాల, నా నాటకానికి అక్కర్లేదా? చూసి తిట్టు, పడతా. చూడకుండా ఒక్క మాటన్నా ఊరుకోను!"

పక్క గంప చెంచమ్మ కిసుక్కున నవ్వింది. "దొరికిపోయినాడు పెద్దాయన!"

ఫేబీ నవ్వలేదు. చేపా అమ్మలేదు.

సాయంత్రం విజయభాస్కర్ రిహార్సల్‌కు వచ్చి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. భార్య వేషం ఫేబీదే. "వల నిండా చేపలిచ్చినోడివి, మనిషిని యాడ పెట్టినావు?" అని ఆమె అడిగినప్పుడు ఆయన తల దించుకున్నాడు.

"తిట్టడం కాదు, అడగడం. అది ఉండనీ," అన్నాడు అయిపోయాక. "అంతసేపు అడిగిన మనిషి, జవాబు రాకుండానే ఆఖర్లో సంతోషంగా పాట పాడుద్దా? అది మాత్రం నాకు నచ్చలా."

ఫేబీకి ఒళ్లు మండిపోయింది.

"ఆ పాట మీకు భయపడే పెట్టినానన్నా! మీ పెద్దలు ఏమంటారోనని!"

ఫేబీ పాట కాగితం పరపరా చింపేసింది.

"లేవొద్దు. పాట లేకుండా మళ్లీ ఆడతాం, చూడు. చూసి చెప్పు," అంది. కోపం తగ్గకుండానే మొదటి మాట అందుకుంది.