పుట్టమ్మ బీడు

జవళగిరిలో పుట్టమ్మ మాటంటే మాటే. అందుకే 2001లో లోకనాథ్ అనే సర్వే మనిషి ఉపగ్రహం తీసిన ఫోటోలు చంకన పెట్టుకుని దిగినప్పుడు, తరిమేద్దామన్న ఊరికి ఆమే అడ్డుపడింది. "అడివి ఎంత పోయిందో లెక్క తీసేకి వచ్చినాడంట. మననేం చేస్తాడు పాపం" అని తన వసారాలోనే చాప పరిచింది.

అతను అక్కా అని పిలిచాడు. ఆమె చేతి రాగిముద్ద లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఫోటోలో అడవి ఎర్రగా కనబడుతుందంటే పుట్టమ్మ పడీపడీ నవ్వింది. "మిరప కళ్లమనుకుంటారప్పా ఎవరన్నా" అంది.

ఒకనాడు అడవి అంచున ఉన్న తన చేనుకు తీసుకుపోయింది. ఆమె భర్త మాదప్పను ఏనుగు తొక్కింది అక్కడే. ఆ తర్వాత చేను ఏళ్లకేళ్లు బీడు పడి కానుగ, తుమ్మ విరగబడి పెరిగాయి. ఏనుగుల భయమని ఊరు అనుకుంది. "భయం కాదప్పా. ఆయన నెత్తురు పడిన నేలమీద నాగలి పెట్టించేకి చేతులు రాలేదు" అని అతనికి ఒక్కడికే చెప్పింది. కొడుకు మునిరాజ్‌కు పెళ్లయి ఇంట్లో నోళ్లు పెరిగాకే, గుండె రాయి చేసుకుని చెట్లు కొట్టించి రాగి వేసింది. వింటూ లోకనాథ్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లను నమ్మింది, పిచ్చిది.

మరుసటేడు అధికారులు జీపులో వచ్చారు. పాత ఫోటోలో చెట్లున్నాయి, కొత్తదానిలో లేవు, కాబట్టి అడవి నరికి ఆక్రమించినట్టే అన్నారు. తాతలనాటి నుంచి దున్నుతున్నా ఆ చేనుకు పట్టా లేదు. ఊరివాళ్ల మాట చెల్లదన్నారు. వెనక సీట్లో లోకనాథ్ కనబడగానే పుట్టమ్మకు ప్రాణం లేచివచ్చింది.

"ఆయప్పకు అంతా తెలుసు, అడగండి సామీ" అంది.

లోకనాథ్ ఆమె వైపు చూడనైనా చూడలేదు. "నాకేం తెలీదు సార్. ఫోటోలో ఉండేది అడివే" అన్నాడు.

పుట్టమ్మ జీపు దగ్గరికి పోయి నిలబడింది. "మా ఇంట్లో నువ్వు తినిన ముద్ద ఏ అడివిలో పండిందప్పా?"

జీపు వెళ్లిపోయింది. ఆ వేసవిలోనే ఏనుగులను ఆపే కందకం చేనుకు ఇవతలగా తవ్వి, చేనును అడవిలో కలిపేశారు.

"ఆ పొద్దే తరిమి ఉంటే సరిపోయేది" అంది పక్కింటి తిమ్మక్క.

పుట్టమ్మ కందకం అవతలికి చూసింది. "చేను పోతే పోయింది తిమ్మక్కా. మునిరాజ్ నాయన సంగతి నీకు కూడా చెప్పలేదే నేను. వానికి చెప్పినాను."